సెంటర్ ఒగ్గని మనిషి

చచ్చిపోయిన ప్రతి ఒక్కరినీ మంచివాళ్ళను చేసి తీరాలన్న మర్యాద ఒకటి మనలో ఉంది. బతికినన్నాళ్ళూ నోరు పెద్దదని తిట్టుకున్న వాళ్ళే, కాటి నుంచి తిరిగొచ్చేటప్పటికి మనసు మాత్రం వెన్న అంటారు. మా వదినకు ఆ అవమానం నేను చెయ్యను. ఆమె మనసు వెన్న కాదు. నోరు నిజంగానే పెద్దది. గొప్పలు చెప్పుకునేది. ఓడిపోతే అలిగేది. ఎదుటివాడు తన తప్పు ఒప్పుకునేదాకా వదిలేది కాదు, ఒప్పుకున్నాక కూడా కాసేపు వదిలేది కాదు. ఇన్ని గుణాలున్న మనిషి మా ఇంటి మనిషి అయినందుకు నాకు గర్వంగా ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను.

రాయాలన్న బుద్ధి మొన్న ఆమదాలవలస స్టేషన్‌లో పుట్టింది. విశాఖ వెళ్ళే రైలు కోసం కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఇద్దరు యువకులు చెరో ఫోనూ పట్టుకుని ఫుట్‌బాల్ గేమ్ ఆడుకుంటున్నారు. ఒకడికి గోలు పడింది.

"నా కర్మరా బావా," అన్నాడు వాడు.

"కర్మేటి? గోలు నాను కొట్టలేదురా. నువ్వే ఇచ్చినావు. ఎక్కడిచ్చినావో ఎనక్కెల్లి సూడు."

నేను ఉలిక్కిపడి ఆ రెండోవాడి వైపు తిరిగాను. "బాబూ, ఈ మాట నీకెవరు చెప్పారు?"

"ఎవులు సెప్తారు మాస్టారూ? మా కాలేజీలో అందరూ అలాగే అంటారు."

"నరసన్నపేటలో గేముల కొట్టుకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదండి. మాది పలాస అవతల."

అది మా వదిన మాట. ఆమెను అతను చూడలేదు. ఆమె పేరు వినలేదు. మనిషి పోయాక ఆత్మ తిరుగుతుందని నేను నమ్మను, నమ్మేవాళ్ళతో వాదించి వాదించి నా గొంతు అరిగిపోయింది. కానీ మాట తిరుగుతుంది. అది నా చెవులతో విన్నాను.

ఆమె మా పెదనాన్నగారి కోడలు. అన్నయ్య నరసన్నపేట బజారులో ఒక మేడ మీద గది తీసుకుని వీడియో గేముల కొట్టు పెట్టాడు. రెండు టీవీలు, వాటికి తగిన యంత్రాలు, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు. కార్ల పందేలూ కుస్తీలూ ఉన్నా అందరూ ఆడేది ఫుట్‌బాలే. గదికి ఒక మూల తెర కట్టి, దాని వెనక స్టవ్ పెట్టుకున్నారు. అన్నయ్య గుండెపోటుతో హఠాత్తుగా పోయాడు. యంత్రాలు అమ్మేసి కుట్టుమిషను కొనుక్కోమని బంధువులందరూ వదినకు సలహా ఇచ్చారు. మొగపిల్లలు అరుచుకునే చోట ఆడమనిషేమిటన్నారు. ఆమె అందరి మాటా విని, మర్నాటి నుంచే కొట్టు తెరిచింది.

ఆ రోజుల్లో మా వీధిలో కొందరు, ఏదైనా పని మీద బయల్దేరినప్పుడు ఆమె ఎదురైతే వెనక్కి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేవారు. భర్త పోయిన స్త్రీ ఎదురొస్తే పని చెడిపోతుందట! ఇంతకంటే నీచమైన నమ్మకాన్ని మన సమాజం ఇంకా కనిపెట్టవలసి ఉంది. నేను మండిపడుతుంటే ఆమె నవ్వేది.

"నా ఎదురొస్తే పని సెడిపోతాదంట మరిదీ. అంత బలముంటే కలెక్టరాఫీసు గుమ్మంలో నిలబడతాను. గవర్నమెంటు పడిపోతాదేటో సూద్దాం."

నేను ఊరూరా సభలు పెట్టి, అరచేతిలో కర్పూరం వెలిగించి, బాబాల గుట్టు విప్పి చెప్పేవాణ్ణి. ఆ సభల మీద ఆమెకు గౌరవం ఉందిగాని భ్రమ లేదు. "నీ సభకొచ్చినోల్లు బాగానే సప్పట్లు కొడతన్నారు. బయటికెల్లి రోడ్డు మీద నిమ్మకాయ కనపడితే మాత్రం పక్కనుండి ఎల్లిపోతన్నారు. నాను సూసినాను," అనేది.

ఆమె కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడింది. కోర్టు మూల నిలబడి, కూతకొచ్చినవాళ్ళ కాళ్ళు పట్టేది. చీలమండ మీద ఒక మచ్చ ఉండేది, అది చూపించి గొప్పలు చెప్పేది. వీడియో గేమ్‌ను ఆమె ఆ కబడ్డీ కళ్ళతోనే నేర్చుకుంది. తెరిచిన కొత్తలో, ఎవరూ లేని మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసుకుని ఆడేది. కొన్నాళ్ళకు, "రాండిరా" అని కుర్రాళ్ళను పిలిచి వరసగా ఓడించింది.

ఒకసారి నన్ను కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిచ్చింది. తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. ఈ ఆటలో పదకొండుమందీ మన జట్టువాళ్ళే అయినా, మన చేతిలో ఉండేది ఒక్కడే. మిగిలినవాళ్ళను యంత్రం నడుపుతుంది. ఒక బటన్ నొక్కితే ఆ ఒక్కడూ మారతాడు. నావంటి కొత్తవాడు ఏం చేస్తాడు? బంతికి దగ్గరగా ఉన్న మన డిఫెండర్‌ను పట్టుకుని బంతి వెంట పరిగెడతాడు. నేనూ పరిగెత్తాను. గోలు పడింది. మళ్ళీ పరిగెత్తాను. మళ్ళీ పడింది.

"బేడ్ లక్," అన్నాను.

ఆమె నా చేతిలోంచి కంట్రోలర్ లాగేసుకుంది. ఆ కొట్టులో అది చట్టం. కర్మ అన్నా, బేడ్ లక్ అన్నా, దిష్టి అన్నా ఆ ఆట వదులుకుని లేచిపోవాలి. మరిదికి మినహాయింపు లేదు.

"ఊరంతా తిరిగి దిష్టి లేదు గిష్టి లేదు అని సెప్తావు. రెండు గోల్లు పడేటప్పటికి నీకూ లక్కు కావలసొచ్చినాదేటి?"

గదిలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె తెర వెనక నుంచి చేట తెచ్చింది. అందులో చింతపిక్కలు నా జట్టు, గవ్వలు ఎదుటి జట్టు. టీవీలో గోలు పడ్డ దృశ్యాన్ని వెనక్కి తిప్పి ఆపి, అందులో ఎవడెక్కడున్నాడో చేటలో అలాగే పేర్చింది.

"ఇది సూడు. బంతి ఈ గవ్వ కాడ ఉన్నాది. నీ గోలు ముందర ఈ పిక్క ఉన్నాది. ఈడు సెంటర్ కాపలా. నువ్వు ఈణ్ణి పట్టుకుని బంతి మీదకి ఎగబడినావు. సెంటర్ ఒగ్గీసినావు. ఆడు పక్కోడికి పాసిచ్చినాడు. అయిపోనాది. దీనికి శనిగ్రహం ఎందుకు మరిదీ?"

ఒగ్గడమంటే మా వైపు వదిలెయ్యడం. సెంటర్ ఒగ్గకూడదు. ఆమె రక్షణశాస్త్రం మొత్తానికి పునాది అదే. కబడ్డీలో కూతకొచ్చినవాడి మీదికి మొదట ఎగిరినవాడే అవుటవుతాడని ఆమె చెప్పేది. "ఆడి ఊపిరి ఆడి కాడే అయిపోవాల. మనం దారి ముయ్యాల, అంతే. మూలకి తోసీయాల. ఈ ఆటా అంతే. బంతిని సూడకు, దారిని సూడు. బంతి కాడికి యంత్రం ఒకణ్ణి పంపిస్తాది, ఆడి సంగతి నీకెందుకు? నువ్వు ఎనకోణ్ణి పట్టుకుని గోలుకి అడ్డంగా నిలబడు. పరుగు బటన్ ఒగ్గీసి మెల్లగా ఎనక్కి జరుగు. ఆడు బంతి కాస్త దూరంగా తన్నుకున్నప్పుడు కాలెయ్యి. ముందెయ్యకు."

దాడి విషయంలో ఆమె ఇంకా మొండిది. గోలు ముందుకి చేరగానే కొట్టేసే తొందర ఆమెకు గిట్టేది కాదు. బంతి వెనక్కి పాస్ ఇవ్వడం పిరికితనం అనుకునేవాళ్ళను చూస్తే మరీ మండేది. "ఎనక్కిచ్చినోడు పిరికోడు కాదురా. ఎదుటోణ్ణి బయటికి రప్పిస్తన్నాడు. కుడేపు రెండు మూడు పాసులాడు, ఆల్లందరూ కుడేపుకొస్తారు. అప్పుడు ఎడమేపుకి పంపించు. ఆ అంచంట గీత దాకా పోయి, ఆకాశానికి కొట్టకు. నేల మీద ఎనక్కి ఇయ్యి, పరిగెత్తుకొచ్చినోడికి. ఆడు కొడతాడు." చెప్తున్నంతసేపూ చేటలో పిక్కలు జరుపుతూనే ఉండేది. ఎవరైనా టీవీ వైపు చూస్తే చేట అంచుతో మోకాలి మీద కొట్టేది.

ఇక కరుణ సంగతి.

కరుణ డిగ్రీ చదివే అమ్మాయి. బాప్టిస్టు మిషన్ చర్చికి వెళ్ళే కుటుంబం. కొట్టుకు ఆడపిల్లలు రావడం మొదలయ్యాక వచ్చినవాళ్ళలో ఆమే గట్టి ఆటగత్తె. తొందరపడదు. వదిన చెప్పిన కాపలా ఆమెకు అబ్బినట్టు ఎవరికీ అబ్బలేదు. దాడిలో మొనగాడు సింహాచలం. బైకుల షోరూములో పని చేసేవాడు, సాయంత్రమైతే కొట్టులోనే ఉండేవాడు. విజయనగరంలో జంటల పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. ఒక జట్టును ఇద్దరు కలిసి ఆడాలి. సింహాచలం, కరుణ వెళ్తారని వదిన తేల్చేసింది.

సింహాచలం కుదరదన్నాడు.

"ఏటిరా కుదరదు?"

"ఆ గుంటొస్తే గోల్లు పడతన్నాయత్తా. నాను గమనిస్తన్నాను. ఐరన్ లెగ్గు."

మాట అన్నది ఆ గదిలో. అక్కడితో ఆగిందా? మన ఊళ్ళలో ఇలాంటి మాటకున్న వేగం ఏ రైలుకూ లేదు. నేను వెళ్ళిన రోజు కరుణ తెర వెనక నిలబడి ఏడవకుండా, పళ్ళు బిగించి చెప్తోంది. "మా పిన్ని కూతురు ఇంటర్వ్యూకెల్తూ నన్ను స్టేషన్‌కి రావద్దన్నాది ఆంటీ. మా పిన్నే రానీయొద్దని సెప్పినాదంట. రేపు నాకే ఉద్యోగం రాకపోతే, నాకు నాను ఐరన్ లెగ్గునని అనుకోవాలేటి?"

వదిన ఎదురైతే మంచినీళ్ళు తాగి కూర్చున్న వీధి మనుషులు నాకు గుర్తొచ్చారు. ఆమెకూ గుర్తొచ్చే ఉంటారు.

నేను సింహాచలానికి ఉపన్యాసం అందుకున్నాను. కాకతాళీయమన్నాను. అమ్మాయి ఉన్నప్పుడు పడ్డవి గుర్తుంటాయి, లేనప్పుడు పడ్డవి మర్చిపోతామన్నాను. వదిన నన్ను మధ్యలో ఆపేసింది.

"లేదు మరిదీ. ఆడు సెప్పింది నిజమే. ఆ గుంటుంటే ఈడికి గోల్లు ఎక్కువే పడతన్నాయి. నానూ సూస్తన్నాను."

కరుణ ముఖం పాలిపోయింది. సింహాచలం గెలిచినట్టు నా వైపు చూశాడు.

"పడతన్నాయి. ఎందుకు పడతన్నాయో ఇంకా తెలీదు. తెలిసేదాకా అందరూ నోరు ముయ్యండి."

ఈ ఒక్క మాటకు నేను ఆమెకు జీవితాంతం నమస్కరిస్తాను. మూఢనమ్మకాన్ని ఖండించే తొందరలో మనం ఒక్కోసారి ఎదుటివాడు చూసినదాన్ని కూడా అబద్ధమంటాం. ఆమె అనలేదు. చూసింది నిజమే కావచ్చు, చెప్పిన కారణం అబద్ధం కావచ్చు. ఆ రెంటినీ వేరు చెయ్యడమే హేతువాదం.

మేడ మెట్లెక్కగానే గుమ్మం బయట అందరూ చెప్పులు విడుస్తారు. కరుణ చెప్పులకు పసుపుపచ్చ పట్టీలు. ఎవరొచ్చారో చెప్పులు చూసి తెలుసుకోవడం ఆ కొట్టులో అందరికీ అలవాటు. వదిన ఒక సాయంత్రం కరుణను ముందే రప్పించి, చెప్పులతో సహా తెర వెనక కూర్చోబెట్టింది. సింహాచలం వచ్చాడు, గుమ్మం చూసుకున్నాడు, నిశ్చింతగా ఆడాడు. గెలిచాడు. ఆ పిల్ల నాలుగడుగుల దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చునే ఉంది.

మర్నాడు తారుమారు చేసింది. కరుణ మా వదిన తోలు చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పసుపు పట్టీల చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. సింహాచలం వాటిని చూసి మొహం ముడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఆ గుంటొచ్చినాదేటత్తా?"

"టీ పెడతన్నాది. నువ్వాడు."

ఆడాడు. ఓడాడు. ఓడి, కంట్రోలర్ ఒళ్ళో పడేసి, "సూసినారా? సూసినారా మాస్టారూ?" అన్నాడు.

వదిన లేచి వెళ్ళి తెర పక్కకు లాగింది. స్టవ్, గిన్నెలు, ఖాళీ పీట. ఆమె గుమ్మంలోంచి పసుపు పట్టీల చెప్పులు తెచ్చి సింహాచలం ముందు పెట్టింది.

"గుంట దాని ఇంటికాడ ఉన్నాది. నిన్న మాత్రం ఇక్కడే ఉన్నాది, నువ్వు గెలిచినావు. ఐరన్ లెగ్గు ఏదిరా? లెగ్గు లేకండా ఉట్టి సెప్పులొచ్చి గోల్లేసినాయేటి?"

తర్వాత రెండు ఆటల రిప్లేలూ వెనక్కి తిప్పి పక్కపక్కన చూపించింది. మొదటి రోజు అతను ఓపికగా పాసులాడాడు. రెండో రోజు ఆట మొదలైన దగ్గర్నుంచి పరుగు బటన్ వదల్లేదు. తన సెంటర్ కాపలావాణ్ణి కూడా బంతితో సహా ఎదుటి గోలు దాకా తీసుకుపోయాడు. వెనక మైదానమంతా ఖాళీ.

"గుంట సూస్తన్నాదంటే సాలు, ఎగురుతన్నావు. ఆడపిల్ల ముందర గోలు కొట్టాలనుకోడం తప్పు కాదురా. సెంటర్ ఒగ్గీసి కొట్టాలనుకోడం తప్పు."

గది పగిలిపోయేలా నవ్వారు. సింహాచలం చెవులు ఎర్రబడ్డాయి. కానీ అతనిలో సరుకుంది. చాలాసేపు ఆ రిప్లే చూసి, చెప్పులు చేత్తో తీసి మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టి వచ్చాడు. "రేపు రమ్మను అత్తా. ఇద్దరం కలిసి ఆడాల కదా," అన్నాడు.

కరుణ వచ్చింది. సంతోషంగా రాలేదు, కోపంగా వచ్చింది. "పేరు పెట్టినప్పుడు ఊరందరికీ సెప్పినావు. ఇప్పుడు ఎవులికి సెప్తావు?" అని అడిగింది. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

విజయనగరంలో పోటీ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మేమందరం బస్సులో వెళ్ళాం. ఫైనల్లో ఎదుటి జంట తమ బల్ల మీద నిమ్మకాయ పెట్టుకున్నారు. వదిన తిన్నగా వెళ్ళి, "బాబూ, ఎండగా ఉన్నాది, ఇది వాడుకుంటన్నారా, ఉట్టినే ఉన్నాదా?" అని అడిగింది. ఆ పిల్లలకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

ఆట గొప్పగా సాగింది. సింహాచలం అంచువెంట వెళ్ళి నేల మీద వెనక్కి ఇచ్చిన పాస్‌కు కరుణే గోలు కొట్టింది. వాళ్ళూ ఒకటి కొట్టారు. సరిసమానంగా ఉండగా, ఆట ముగియబోతూ గోలు పడింది. పడింది కరుణ కాపలాలోనే. మా వాళ్ళు ఓడిపోయారు.

నేను వదిన ముఖం చూశాను. ఆమె బల్ల వైపే చూస్తోంది. గెలిచినప్పుడు మూఢనమ్మకాన్ని వదులుకోవడం ఎవరికైనా సులువే. ఓడినప్పుడు అది మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంటుంది. మా వెనక వరసలోంచి మా ఊరివాడే ఒకడు, "సెప్పినాను కదరా, ఐరన్…" అన్నాడు.

సింహాచలం కుర్చీలోంచి లేచి వెనక్కి తిరిగాడు. "ఏయ్, నోరు ముయ్యి! ఆ పేరు పెట్టింది నాను. తప్పు పేరు. ఇంకెవుడైనా అంటే నాతోటి మాటాడాల." హాలంతా వినేలా అన్నాడు. తర్వాత కరుణ వైపు తిరిగాడు. "గోలు ఆల్లు కొట్టలేదు. మనవే ఇచ్చినాం. ఎక్కడిచ్చినాం?"

కరుణ కంట్రోలర్ మీద బటన్ చూపించింది. "నాను బటన్ ముందే నొక్కీసినాను. దూరంగా ఉన్నోడు సేతికొచ్చినాడు. సెంటర్ ఖాళీ అయిపోనాది."

"అదే కదా. పద, రిప్లే సూద్దాం."

ఓడితే అలిగే మా వదిన ఆ రోజు అలగలేదు. తిరుగు ప్రయాణంలో బస్సెక్కిన ప్రతివాడికీ గొప్పలు చెప్పింది. చిలకపాలెం దగ్గర ఎక్కిన ఒక ముసలాయన, "గెలిచినారేటమ్మా?" అని అడిగితే, "లేదు బావూ, ఓడిపోనాం. ఎలగ ఓడిపోనామో సూసుండాల్సింది మీరు!" అంది. అంత గర్వంగా చెప్పుకున్న ఓటమిని నేను మరెక్కడా చూడలేదు.

ఆమె నిరుడు పోయింది. మెదడులో రక్తనాళం చిట్లింది. పదోరోజు భోజనాల దగ్గర పెద్దలు తలరాత అన్నారు, కొడుకో కూతురో ఉంటే బాగుండేదన్నారు. మొగుడు పోయిన నక్షత్రం మంచిది కాదని ఒకావిడ లెక్క కట్టింది. నేను నోరు విప్పేలోగా వడ్డన చేస్తున్న కరుణ గరిటె పట్టుకునే నిలబడి చెప్పింది.

"రాత కాదండి. బీపీ మాత్రలు మానీసినాది. తల తిరుగుతన్నాదని సెప్తే, సాయంత్రం ఎల్దాం ఆస్పత్రికి అన్నాం. సాయంత్రం దాకా ఎందుకాగినాం? మనవే ఇచ్చినాం. రేపు మీ ఇంట్లో ఎవులికైనా తల తిరిగితే ఆగకండి."

ఆవిడ నక్షత్రం లెక్క ఆపి, తన సంచీలోంచి మాత్రల పొట్లం తీసి చూసుకుంది. ఒక మనిషి చావును అంతకంటే బాగా గౌరవించడం నాకు తెలియదు.

ఆమదాలవలసలో నేనెక్కాల్సిన రైలు వచ్చింది. ఎక్కలేదు. బయటికొచ్చి నరసన్నపేట బస్సెక్కాను.

కొట్టు తెరిచే ఉంది. ఇప్పుడు నడుపుతున్నది కరుణ. ఉద్యోగం రాక కాదు. ఉదయం ఒక బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇక్కడికి వస్తుంది. మెట్లెక్కుతూనే అరుపులు వినిపించాయి. గుమ్మం బయట బోలెడు చెప్పులు. అన్నిటికీ ముందు, లోపల కూర్చున్నవాళ్ళకు కనిపించేలా, అరిగిపోయిన పాత తోలు చెప్పులు ఒక జత. అవి ఎవరివో నాకు తెలుసు.

నా ఒళ్ళు మండింది. పటం పెట్టి దండ వేసేవాళ్ళ మీద నేను ఎన్ని వ్యాసాలు రాశాను! ఈ పిల్ల కూడానా?

"కరుణా, ఇదేమిటి? పాదుకా పూజ మొదలెట్టావా?"

ఆమె చేటలో పిక్కలు సర్దుతూ నా వైపు చూసి నవ్వింది.

"పూజ లేదు గీజ లేదు మాస్టారూ. ఒకసారి అవి తీసీసి సూసినాను, మళ్ళీ పెట్టి సూసినాను. అవి కనపడతన్నంతసేపూ ఒక్కడూ సెంటర్ ఒగ్గడు."

నేను నా చెప్పులు విప్పి, వాటి పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి కంట్రోలర్ అడిగాను.